హబ్సిగూడలో ఒడ్డు

రాత్రి పదిన్నరకి కంప్యూటర్ తెరిస్తే
ఐర్లండ్ పడమటి చివర
క్లేర్ అనే కౌంటీ నా వంతుకొచ్చింది.
నేను చూసిన పెద్ద నీళ్ళంటే
హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన రోజువే.

పని చిన్నదే. ఫొటో మీద మౌసుతో
నేల ఎక్కడ ఆగుతుందో అక్కడ ఒక గీత.
ఈ నేల ఆగదు.
నాలుక చాపుతుంది, వెనక్కి లాక్కుంటుంది,
దక్షిణాన షానన్ నది నోరు తెరిచి
ఉప్పునీళ్ళని లోలోపలికి రానిస్తుంది.
పడమట నల్లటి కొండచరియలు
తహసీల్ ఆఫీసులో దొంతర పెట్టిన పాత పహాణీల్లా
పొరలు పొరలుగా నిలబడి తడుస్తుంటాయి.

"పోటుకి గియ్యాలా, ఆటుకా?" అని అడిగాను.
"పోటుకే. మునిగేది భూమి కాదు" అంది జుబేదా మేడమ్.
ఆ లెక్కన వానాకాలంలో మా మూసానగర్ గల్లీ
ఏ పటంలోనూ ఉండకూడదు.

ఉత్తరాన బురెన్.
చెట్టు లేదు, బూడిదరంగు సున్నపురాయి
మైళ్ళకి మైళ్ళు,
కూలి అందక ఎవరో మేస్త్రీ
పరుస్తూ పరుస్తూ మధ్యలో వెళ్ళిపోయినట్టు.
నెర్రెల్లో నీలం పూలుంటాయట,
ఫొటోలో కనబడవు, నోట్సులో రాశారు.
ఆవుల్ని అక్కడ చలికాలం కొండెక్కిస్తారట,
ఎండల వేడి దాచుకున్న రాయి
చలిలో కొంచెం కొంచెంగా ఖర్చు పెడుతుందట.
ఇది నాకెవరూ చెప్పక్కర్లేదు.
మే నెల రాత్రి డాబా మీద వాలిన వీపుకి తెలుసు.

గోడలూ గియ్యాలి. వేల గోడలు.
మా నాయన వల్లెపు దుర్గయ్యకి ఫోన్‌లో ఒకటి చూపించి
"సిమెంటు లేదు, అన్నీ సందులే" అన్నాను.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.
"తెలివిగల్లోళ్ళు. గాలిని పోనిచ్చిన్రు.
ఆపితే ఎన్నడో కూలగొట్టేది."

ఒక చెరువు గీశాను.
జూన్ ఫొటోలో చూస్తే అక్కడ గడ్డి.
తప్పనుకుని చెరిపేస్తే
అటు నుంచి చెకర్ ఊనా మెసేజి:
చెరపకు, అది ఎండాకాలం నేలలోకి దిగి
వానలకి తిరిగొస్తుంది,
దాని చోటు దానికి ఉంచు.

ఆ చివరి మాట కాగితం మీద రాసుకున్నాను.
ఎవరికి చూపించాలో తెలియలేదు.
పొద్దున నా ఆటో దాటే మూడు కాలనీల్లో
చెరువు పేర్లలో మాత్రమే ఉంది.

ఇంట్లో నాయన పరిచిన తాండూరు బండలు.
అవీ సున్నపురాయే,
గవ్వలు ఇంకా పుట్టని కాలపు సముద్రం
అడుగున పేరుకున్నదే.
అమ్మ ఇప్పుడే తుడిచింది,
తడి అంచు మెల్లగా వెనక్కి పోతోంది.
"ఆరలే, ఆగు, తొక్కకు" అంటోంది లోపలి నుంచి.

చెప్పులు చేతిలో పట్టుకుని
గడప మీద నిలబడ్డాను.