బస్టాపులో వాన

ఫర్వానియాలో మా గదికి ఆరు మంచాలు, ఒక కిటికీ.
కిటికీలో ఏసీ కూర్చుంది కాబట్టి
కిటికీ లేదనే చెప్పుకోవాలి.

జూన్‌లో చీటీ పాడాను,
ముప్ఫై దీనార్లు తోసేసి మరీ పాడాను.
"పెండ్లా? ప్లాటా?" అన్నాడు మస్తాన్‌వలీ.
గ్రాఫిక్స్ కార్డు అన్నాను.
చేతిలో ఖుబ్బూస్ ముక్క
నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

హవల్లీలో గాజు అరలో పడుకొని ఉంది,
మూడు ఫ్యాన్లతో,
నగలంగట్లో వడ్డాణంలాగా.
రెండొందల తొంభై ఐదు.
నా రెండు నెలల జీతం దాని పక్కన నిలబడి
ఐదు దీనార్ల పొట్టిదైంది.

ప్రొద్దుటూరులో గంటకు పది రూపాయలు.
గీతలు పడ్డ సీడీని చొక్కాకు రుద్ది పెడితే
ఆట మొదలయ్యేది, అంతే.
మనుషుల మొహాలు ఇటుకల్లా ఉండేవి.
అయినా వాళ్ళు చస్తే
ఆ పూట అన్నం సయించేది కాదు.

ఇప్పటి ఆట ఇరవై రెండు దీనార్లు.
దిగడానికి మూడు రాత్రులు.
గదిలో నెట్టంతా అదే తాగేసింది.
పై మంచం మీద సుబ్బరాయుడు
కూతురితో మాట్లాడుతుంటే
పాప మొహం చదరాలు చదరాలుగా విరిగింది.
ఆయన నన్నేమీ అనలేదు.
ఫోను పైకెత్తి
కప్పుకు చూపిస్తూ ఉండిపోయాడు.

నాలుగో రాత్రి తెరుచుకుంది.
ఆట కంటే ముందు అంగడి తెరుచుకుంది.
టోపీ మూడు దీనార్లు.
గుర్రానికి రంగు నాలుగు.
గుర్రం ఇంకా నాకు ఇవ్వనేలేదు.

తర్వాత,
వాన.

పద్నాలుగు నెలలైంది నేను వాన చూసి.
తుపాకి పక్కన పడేసి,
తరుముతున్నవాళ్ళను తరమనిచ్చి,
నా మనిషిని తీసుకెళ్ళి ఒక బస్టాపులో నిలబెట్టాను.
బస్టాపు లోపల కూడా వాన పడింది.
రేకు కప్పును దాటుకొని, దానికేమీ తెలియనట్టు,
సన్నగా, తిన్నగా.
నా మనిషి జుట్టు మాత్రం తడవలేదు.
అంతలో తెర బిగుసుకుపోయింది.
ఒక చినుకు మధ్యలో ఆగింది.
అది పడుతుందేమోనని
చాలాసేపు చూశాను.

"వచ్చే నెల సరిచేస్తాం" అని వాళ్ళ సందేశం.

నేను ఏసీలు బాగుచేసేవాణ్ణి.
ఆగస్టులో, మిద్దెల మీద,
స్పానర్ పట్టుకుంటే అరచేతికి అంటుకునే వేళలో.
నేనూ చెప్పనా ఇంటాయనకు?
"హబీబీ, డబ్బులిప్పుడే ఇవ్వు,
చల్లదనం వచ్చే నెల వస్తుంది.
ఇంకో నాలుగిస్తే గాలికి నీలం రంగేస్తా."
మిద్దె మీదనుంచే తోసేస్తాడు.
తోసేయాలి కూడా.

కార్డు వదిలే వేడిగాలి
సరిగ్గా మస్తాన్‌వలీ పాదాలకు తగిలేది.
పగలంతా రోడ్డు మీద తారు పోసొచ్చిన పాదాలు.
"ఒరే, నా ఎండ చాలదని
రాత్రికి ఇంకోటి కొనుక్కొచ్చినావా?"
నవ్వుతూనే అన్నాడు.
అట్లే కాళ్ళు ముడుచుకున్నాడు.

సెప్టెంబరులో మళ్ళీ హవల్లీ.
కౌంటర్లో ఫహ్మీ కార్డును బోర్లించి, ఊది,
"నూటయాభై" అన్నాడు,
పాత సామాన్లకు తూకం వేసినట్టు.
పక్కనే ఒక కుర్రవాడు, డెలివరీ బండి నడిపేవాడు,
చంకలో హెల్మెట్, పిడికిట్లో చెమటకు తడిసిన నోట్లు.
నా కార్డు వైపు చూశాడు,
జూన్‌లో నేను చూసినట్టే.
"బాగుంటుందా భాయ్?"

కార్డు మంచిదే అన్నాను.
అబద్ధం కాదు. దాంట్లో లోపమేం లేదు.
అక్కడితో ఆగాల్సింది.
ఆగలేక,
"ఆ కొత్త ఆట మాత్రం కొనొద్దు,
బస్టాపు లోపల కూడా వాన పడుతుంది" అన్నాను.

హెల్మెట్ అద్దం మీద దుమ్మును
బొటనవేలితో తుడుస్తున్నవాడు ఆగి
"వాన కూడా ఉందా?" అన్నాడు.