తలా చిటికెడు

సోమవారం పొద్దున్నే ఊరు మొత్తం
సీసాల్లో నా బల్ల మీదికి వస్తుంది.
ఎవరడిగినా నీళ్ల కంపెనీలో ఉద్యోగం అంటాను.
ఏ నీళ్లో చెప్పను.

బ్రిస్టల్‌లో ఎవరేం మింగారో మురుగుకి తెలుసు.
బీపీ బిళ్లలు, గుండెమంట మందు,
నిద్ర పట్టని వీధుల నిద్రమాత్రలు.
వారమంతా బుద్ధిగా పడుకునే ఒక గీత
ఆదివారం సీసాలో మాత్రం తలెగరేస్తుంది.
ఎంతో, యంత్రం నానోగ్రాముల్లో చెబుతుంది.
దానికి మొహమాటం లేదు.

క్లిఫ్టన్‌లో ఇమొజెన్ వాళ్లింట్లో
గుడ్డు ఆరుబయట తిరిగిన కోడిదేనా అని అడిగి తింటారు.
కాఫీ గింజ కోసిన చేతికి కూలి ముట్టిందో లేదో
పొట్లం వెనక చదివి గాని నీళ్లు మరగబెట్టరు.
రొయ్యలు మానేశారు, పాపం సముద్రం అని.
ఆ శనివారం భోజనాలయ్యాక
గోడ మీది పెళ్లి ఫోటో దింపి, అద్దం తుడిచి,
ముగ్గు వేసినంత శ్రద్ధగా
తెల్లగా నాలుగు గీతలు గీసిందామె.
ఎక్కడిదని ఎవరూ అడగలేదు.
నాలుగో గీత నాది.

దాచడమెందుకు, బాగుంది.
పావుగంట సేపు నా ఇంగ్లీషుకి యాస లేదు.
నా జోకులకి నాకంటే ముందు వాళ్లే నవ్వారు.
ఆ ఆదివారం సీసా మీద లేబుల్ నా చేతిరాతే.
లోపల నేనూ ఉన్నాను.

సీసాలు కడిగే వెర్నీస్ సోమవారం రాలేదు.
ఆ వారమంతా రాలేదు.
పదిహేనేళ్ల మైకా, సైన్స్ ట్రిప్ అని చెప్పి
కొత్త బూట్లేసుకుని వెస్టన్ రైలెక్కాడట.
బూట్లు ఎవరిచ్చార్రా అని అడిగిందట అంతకు ముందే, మూడుసార్లు.
ఈ మొత్తం కథలో
ఎక్కడిదని అడిగింది ఆమె ఒక్కతే.

సముద్రం ఒడ్డున, ఎవరో మతి తప్పిన ముసలాయన ఫ్లాట్‌లో
వంటింటి నేల మీద దొరికాడు.
"ఒంటి లోపల దాచిన పొట్లాలు, ఇరవై మూడు."
పోలీసుల కాగితం చదువుతూ అక్కడ ఆగింది వెర్నీస్.
"నా పిల్లాడి ఒంట్లో," అంది.
కొళాయి తిప్పింది.

బతికే ఉన్నాడు.
గడియ వేసుకుని గంటలు గంటలు స్నానం చేస్తున్నాడట.
ఆ నీళ్లూ నా దగ్గరికే వస్తాయి.
వాటిలో ఏ గీతా లేవదు.

వాడికి ముందు ఏ ఓడ, ఏ అడవి,
ఎవరి కొడుకు, నాకు తెలియదు.
తెలియకుండా ఉండటానికే కదా
గ్రాముకి అంత పోసేది.

ఇమొజెన్‌కి చెప్పాను.
కళ్లనీళ్లు పెట్టుకుంది, నిజంగానే.
"తప్పు చట్టానిది. కొట్లో అమ్మనిస్తే
ఏ పిల్లాడూ రైలెక్కక్కర్లేదు," అంది.
కావచ్చు. కాదనలేకపోయాను.
కానీ చట్టం మారడానికి ఏళ్లు పడుతుంది
శనివారం వారానికొకటి వస్తుంది.

"అసలు ఎవరు కొంటారు వీటిని?"
భోజనం డబ్బా మూత తీస్తూ అడిగింది వెర్నీస్,
నన్ను కాదు, ఊరికే, కిటికీని.
గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు.
నా చెయ్యి ముక్కు మీదికి వెళ్లింది.
ఆమె చూడలేదు. చూసినా
జలుబు అనుకుని ఉంటుంది.

తిలాపాపం తలా పిడికెడు అన్న వాళ్లకి
ఈ లెక్కలు తెలియవు.
పిడికెడు అక్కర్లేదు. చిటికెడు చాలు.
అదీ నున్నగా నూరి, ఏ వాసనా లేకుండా.

మానేశాను.
గీత ఏమీ తగ్గలేదు.
నా ఒక్కదాని చిటికెడు యంత్రానికి ఆనదు.

వెర్నీస్ మళ్లీ వస్తోంది.
ఒక్కో సీసా మూడుసార్లు కడిగి
వెలుతురుకి ఎత్తి పట్టుకుని
"ఇది శుభ్రమేనా?" అని అడుగుతుంది.
రూలు ప్రకారం
సంతకం పెట్టాల్సింది నేను.