పేరు మీద

గడియారం చౌరస్త కాడ మెట్ల కింది షాపు.
రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, ఒక ఫ్యాను.
బుచ్చిరాములు వచ్చి స్టూలు మీద కూసున్నడు
తువ్వాలల మూడు బత్తాయిలతోని.

"మా సంఘం సైటు తెరుసుకుంట లేదు షాహెదమ్మా,
మద్రాసు సేటు పంపిన మెయిలు గూడ
వచ్చిన తొవ్వనే మల్ల పోయిందట."

పేరు కొట్టిన. బటను నొక్కిన.
పేరు కింద వరుసలు విప్పుకున్నయి.
"ఇవేంది?"
రికార్డులన్నా.
ఆ మాట ఇనంగనే ఆయన చెప్పులిడిసిండు.

అలవాటు.
తహశీలాపీసుల ఆ మాట ఉన్న కాడ
చెప్పులిడిసి, తలగుడ్డ సంకల పెట్టుకొని
రేపు రమ్మనేదాక నిలబడుడు.

"అడిగితే ఎన్నొద్దులకు చూపిస్తరు?"
ఇప్పుడే.
"మనది మనకేనా?"
ఎవలదైనా ఎవలైనా చూడొచ్చు.
దుబాయిల ఉన్నోడు మన సంఘానిది చూస్తడు,
నేనీడ కూసోని వాని బ్యాంకుది చూస్త.
"దస్కతు?" అక్కర్లేదు.
"ముట్టజెప్పుడు?"
ఇరవై రూపాయలు. అది నా కరెంటుకు.

అడుగుడు ఎట్లుంటదంటే,
కొత్తోడు ఊరికొచ్చి ఫలానోళ్ల ఇల్లేదంటే
మొగదాల ఉన్నోడు ఇల్లు చెప్పడు, వాడ చెప్తడు.
వాడల ఉన్నోడు గల్లి చెప్తడు.
గల్లిల ముసలమ్మ చాటల జొన్నలు చెరుగుకుంట
తల ఎత్తకుండనే గడప చూపిస్తది.
రెప్పపాటుల ఇంతమందిని అడిగొచ్చి
తెర మీద ఒక నంబరు పెట్టింది.

నంబరు పాతది.
పోయిన నెల ఇంతియాజు సర్వరు మార్చిండు,
ఇల్లు మారినోడు పక్కింట్ల చెప్పి పోలే.

కొత్తది ఎక్కిచ్చిన.
సింగపూరుకు ఎరుకైంది, పచ్చ టిక్కు.
ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఎరుకైంది.
వంద కిలోమీటర్ల హైదరాబాదు ఇంకా ఎర్రగనే ఉన్నది:
పాత జవాబు జేబుల పెట్టుకున్నోడు
ఎనభై ఆరువేల నాలుగొందల సెకండ్ల దాక
మల్ల అడగడు.
"అంటే?"
ఒక దినం.
"దినమా," అని నవ్విండు. "దినమే గద."

ఇగ మెయిలు.
ఏ గుమ్మం కాడ దించాల్నో చెప్పే వరుస ఒకటుంటది.
చెప్తనే ఉన్నది, తప్పు చెప్తున్నది.
ఎన్ ఉండాల్సిన కాడ ఎమ్.
నెల రోజుల ఉత్తరాలు
లేని ఇంటి ముందల నిలబడి నిలబడి మర్లిపోయినయి.

దిద్దిన. సేవ్ చేసిన.
"అయిపాయెనా?"
అయిపాయె.
"ఒక్క అక్షరం," అన్నడు.
కొంచెం సేపైనంక మల్ల అన్నడు, "ఒక్క అక్షరం."

అంగి జేబుల నుంచి ప్లాస్టిక్ కవరు తీసిండు.
నాలుగు మడతల జిరాక్సు, నా మిషనుదే,
అంచున నల్లగీత నాకెరుకే.
రెండెకరాల పదమూడు గుంటలు. సర్వే నంబరు సక్కగనే ఉన్నది.
పట్టాదారు: బుచ్చిరాజులు.

పదకొండేండ్లు.
నలుగురు తహశీల్దార్లు మారిండ్రు, 'జు' మారలే.
బత్తాయి చెట్లు ఈయన చేతి నీళ్లు తాగుతయి,
కాగితంల ఇంకెవడో కాపుకొస్తున్నడు.

"దీన్ల నొక్కి చూడు బిడ్డా, నా పేరు."

ఇది మనుషులకు కాదన్నా అని చెప్పాల్సింది.
కని వేళ్లు కొట్టినయి,
ఇంగ్లీషు అక్షరాలల్ల, నడుమ సందు లేకుండ.
ఎర్ర డబ్బల వచ్చింది:
అసుంటి పేరు లేదు.

"ఏమంటున్నది?"
కరెంటన్న పోతే బాగుండు. పోలే.
రేపు రా అన్నా, చూద్దాం అన్న.
నోట్ల నుంచి వచ్చినంక గని ఎరుక కాలే
అది ఎవల మాటనో.

ఆయన తల ఊపి చెప్పులేసుకున్నడు.
బత్తాయిలు ప్రింటరు మీద పెట్టిండు.
ఇరవై ఇయ్యబోతే వద్దన్న,
వద్దంటే వినలే.

తెల్లారి తొమ్మిదింటికి సైటు తెరుసుకున్నది.
మొదటి పేజి అడుగున, సన్నక్షరాలల్ల,
అధ్యక్షులు: చింతకింది బుచ్చిరాములు.
పెద్దగ చేసి చూసిన.
'ము' ఉన్నది.