ఆరొందల ఏడు

పుస్తకంలో లెక్క ఆరొందల యాభై అంటుంది.
ఆదోని పాలిటెక్నిక్‌లో, కిటికీ పక్క మూడో బల్ల మీద
ఆరొందల ఏడే వస్తుంది.
ఏటా ఒక పిల్లో పిల్లోడో నన్నే అడుగుతారు,
అటెండర్‌కు అన్నీ తెలుస్తాయన్నట్టు:
"ఉరుకుందన్నా, నలభై మూడు యాడ పోయినాయి?"

నేను లెక్కల మనిషిని కాను.
ఉసేనయ్య మైకుసెట్టు సంగతి చెబుతాను.

పీర్ల పండగ. కోసిగి దాపున ఒక పల్లె.
గుండం చుట్టూ జనం,
వేపకొమ్మకు కట్టిన బాకా,
నా చేతిలో మైకు. నాకు పదమూడేళ్లు.
"అలో" అన్నానో లేదో
బాకా కీచుమని కూత బెట్టింది.
ముజావరు చెవులు మూసుకున్నాడు.
మిషను కాలిందనుకుని నేను ఏడుపు మొహం పెడితే
ఉసేనయ్య నోట్లో బీడీ తీయకుండానే
"మైకు పట్టుకొని ఎనక్కి నడువ్" అన్నాడు.

నడిచాను.
కూత ఆగలేదు, గొంతు మారింది.
పసిపిల్ల గొంతు పెద్దామె గొంతయింది.
ఇంకో నాలుగడుగులకు
పత్తిబండి ఇరుసు మూలిగినట్టు.
"మిషను అదే, మైకు అదే.
కూత యాడుందిరా మరి?"
నాకూ బాకాకూ నడుమ ఉన్న గాలి వైపు చూశాను.
"ఆఁ. ఆడనే."

ఇదీ అంతే, అంటాను పిల్లలతో.
ట్రాన్సిస్టర్‌కు పాట రాదు.
వచ్చినదాన్ని తలకిందులు చేసి పెంచడమొక్కటే వచ్చు.
బయటికి పోయిన అల
మూడు కెపాసిటర్లు, మూడు రెసిస్టర్ల గడపలు దాటి
గడపకింత మెలి తిరిగి
మళ్లీ దాని ముందుకే వస్తుంది.
బయల్దేరినప్పుడు ఏ కాలు ముందుందో
చేరినప్పుడూ ఆ కాలే ముందుండాలి.
అట్లా అడుగు కలిసే వేగం ఒక్కటే.
మిగతావి దారిలోనే అణగిపోతాయి.
కెపాసిటర్ పెద్దది వేశారా, నిండేటప్పటికి పొద్దు పోతుంది,
గొంతు దిగుతుంది. చిన్నది వేశారా, కీచు.

మరి నలభై మూడు?
కలెక్టర్ కాడ ఒక రెసిస్టర్ కూర్చుని ఉంది
(జిల్లా కలెక్టర్ కాదులే).
నాకేం సంబంధం లేదన్నట్టుంటుంది,
పుస్తకం కూడా నమ్మి లెక్కలో వదిలేసింది.
అదీ దారే.
ప్రోబు ఆనించి చూస్తే, చూసిన చూపూ దారే.
వేలు తగిలితే వేలూ.
ఏప్రిల్లో మధ్యాహ్నం పూట, ఫ్యాను ఆగితే
మూడో బల్ల ఆరొందల మూడు చూపిస్తుంది.
ఎండ కూడా దూరింది.

ఆదివారాలు ఉసేనయ్య ఇంటికి పోతాను.
పత్తి యార్డు ఎనక సందు, గాల్లో దూది,
మంచం మీద ఆయన, చెవిలో చిన్న మిషను.
అది సన్నగా కూస్తుంటుంది.
కోడలు మస్తానమ్మకు వినపడుతుంది,
గుంజకు కట్టిన మేకకు వినపడుతుంది.
ఆయనకు తప్ప.
ఆ సన్న గొంతులు ఆయన్ని వదిలి పదేళ్లు.

"కూస్తాందా?"
"కూస్తాంది మామా."
"ఎంతుంది?"
చెవి అంచనాతో చెబుతాను, గట్టిగా: మూడువేలు.
"చెయ్యి అడ్డం పెట్టు."
అరచెయ్యి చెవి దగ్గరికి తెస్తే కూత జారుతుంది.
ఇంకాస్త తెస్తే మళ్లీ మారుతుంది.

చెవి బిళ్ల వదులైంది, కొత్త అచ్చు తీయించాలని
మస్తానమ్మ నెల నుంచి పోరుతోంది.
కర్నూలు పోవాలి. పోతాం.
మొన్న మాత్రం చాలాసేపు
చెయ్యి ముందుకీ వెనక్కీ జరుపుతూ
నంబర్లు చెబుతూ కూర్చున్నాను.
ఆయన ఒక్కోదానికీ తలూపాడు.
ఒకచోట నేను తప్పు చెప్పాను.
"కాదప్పా" అన్నాడు.

విని కాదు.
నా చెయ్యి ఎంత దూరంలో ఉందో చూసి.