బంగారు అంచు

గ్దాన్స్క్‌లో ఎనిమిదో అంతస్తు.
కిటికీకి మంచు పొర.
బ్రోన్యా పెళ్లినాటి కప్పులో పాలు పోసి
మైక్రోవేవ్ తలుపు మూసింది.

చిటపట.
అంత చిన్న పెట్టెలో ఒక మెరుపు.

కింది ఇంట్లోంచి నేను పరిగెత్తుకొచ్చేసరికి
స్విచ్ ఆపి, ప్లగ్ పీకేసి,
కప్పుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది
దెబ్బ తగిలిన పిల్లిని పెట్టుకున్నట్టు.

"బంగారు పూత ఉంది కదండీ దీనికి."
"ఇక్కడ లేదు," అంది, అంచు మీద వేలు పెట్టి.
నిజమే, బొటనవేలంత మేర తెల్లగా ఉంది.
వాత్సెక్ నలభై ఏళ్లు
అక్కడే పెదవి ఆనించి తాగాడట.
"మొండివాడు.
కప్పు తిప్పితే రుచి పోతుందనేవాడు."

మా ఇంటి మట్టిరంగు మగ్గు తెచ్చాను.
సగమే పోశాను. ముప్పావు నిమిషం.
ఆగాక కూడా తలుపు తీయనివ్వలేదు.
"కాసేపు ఊరుకోనివ్వండి.
ఒక్కోసారి నీళ్లు బుడగైనా లేకుండా మరిగిపోయి,
కదిపితే చాలు, మీద పడతాయి."
"ఆ సంగతి నాకు తెలుసులే," అంది,
నా వైపు చూడకుండా.

బంగారు కప్పు ఇప్పుడు
కిటికీ గట్టు మీద, ఖాళీగా.
తెల్లచోటు మాత్రం
కుర్చీ వైపుకి తిప్పి పెట్టింది.