ఏ చుక్కకూ చెందని ఆకు

"చింతపండు పెట్టి తోమకండి మావయ్యా"
అని ముందే చెప్పింది ఎస్తేరు.
వాళ్ల నాన్న డ్రెడ్జరు మీద పనిచేసిన రోజుల్లో
బందర్ అబ్బాస్‌లో ఎవరో చేతిలో పెట్టారట.
కురుపాం మార్కెట్ వెనక, నా కొట్టు బల్ల మీద
తువ్వాలు విప్పింది.
అరచేతి కంటే కాస్త పెద్ద ఇత్తడి బిళ్ల,
అంచుల్లో మన సముద్రం పెట్టిన చిలుము.

బుడితి నుంచి మా తాత మోసుకొచ్చిన పని ఇది.
నలభై ఏళ్లుగా ఓడ దీపాలకు అతుకులేశాను,
దిక్సూచిలు విప్పి బిగించాను.
ఆకాశాన్ని మడిచి
ఉంగరానికి వేలాడదీసినవాణ్ణి మాత్రం
ఇప్పుడే చూస్తున్నాను.

దర్గా కొండ దిగి కమాలుద్దీన్ సాహెబు వచ్చారు,
భూతద్దం ఒకటి, ఉబ్బసం ఒకటి వెంటబెట్టుకుని.
ఒక్కో ముక్కనీ పేరు పెట్టి పిలిచారు.
అడుగున అందర్నీ మోసే పళ్లెం, తల్లి.
తల్లి ఒళ్లో పలకలు, ఊరికొకటి.
పలకల మీద తిరిగే జల్లెడ, సాలీడు.
అన్నిటినీ ఊడకుండా పట్టే చీల పేరు గుర్రం.
నవ్వబోయి ఆగాను.
గోరంత చీలకి నిజంగానే
చెవులు చెక్కాడు మహానుభావుడు.

"సాలీడు కాదు సాహెబూ, ఇది తీగ" అన్నాను.
తీగ నిండా ఆకులు,
ఒక్కో ఆకు కొస ఒక్కో చుక్క మీద ఆగుతుంది.
ఆ రాత్రి మేడెక్కాం.
హార్బరు దీపాలు వదిలినన్ని చుక్కల్లోనే వెతుక్కున్నాం.
ఆయన వేలు చూపిస్తే నేను మన పేరు చెప్పాను.
దబరాన్ మన రోహిణి.
సిమాకులు ఇద్దరట,
ఈటె పట్టినవాడు స్వాతి,
ఉత్త చేతులవాడు చిత్త.
ఎస్తేరు సెల్లు వెలుగులో రాసుకుంది.

ఆకులు ఇరవై ఆరు. పేర్లు ఇరవై ఐదు.
సాహెబు మూడుసార్లు లెక్కపెట్టి
"చుక్క పేరు చెరిగిపోయిందేమో" అన్నారు.
భూతద్దం నేను తీసుకున్నాను.
చెరిగిన గుర్తు లేదు. అసలు చెక్కనే లేదు.
ఆకు మొదట్లో, కాడ దగ్గర,
రంపం ఒక వెంట్రుక లోపలికి పోయింది.
పోయిన చోటునే రెండు ఆకుల సందుగా మలిచి
ఒక ఆకు ఎక్కువ మొలిపించాడు.
ఎన్ని వందల ఏళ్లో తెలీదు, ఏ వీధిలోనో,
ఆ క్షణాన వాడు పళ్లు కొరికిన చప్పుడు
నాకు వినబడింది.
వెనక సంతకం ఉన్నచోట చిలుము పేరు తినేసింది.
"అల్పుడు చేసెను" అన్నంతవరకే
సాహెబు చదవగలిగారు.

"వీటిలో మన ఊరిది ఏది?" అంది ఎస్తేరు.
అక్షరాలే అంకెలట.
లామ్ ముప్పై, బే రెండు, ఇది ఇస్ఫహాన్.
మక్కా ఉంది, షీరాజ్ ఉంది, తూస్ ఉంది.
యారాడ కొండ పక్కన నిలబడి
ధ్రువాన్ని అంత కిందుగా చూసేవాళ్ల కోసం
ఏమీ లేదు.
"చెయ్యలేరా?" అంది.
ఆ మాట ఎవరూ నన్ను అడక్కూడదు.

పాత ఓడ కిటికీ మూత కోశాను.
సాహెబు లెక్క కట్టి ఇచ్చారు,
యే పది, జే ఏడు,
పైన నలభై రెండు కళలు, మీమ్, బే.
తొమ్మిది రోజులు వృత్తపులేఖిని ముల్లు మీదే బతికాను.
వృత్తంలో వృత్తం, దేని కేంద్రమూ
మరోదాని కేంద్రం కాదు.
మా ఆవిడ పిలిచినా
డిగ్రీల్లో పలికానని దెప్పింది.

నిన్న సాయంత్రం, అరవయ్యో గీత దగ్గర,
షిప్‌యార్డు సైరను కూసింది.
ఉలి జారింది.
వెంట్రుక కన్నా కొంచెం ఎక్కువే.

పలక మీద ఉండేవన్నీ గీతలే.
ఆకులు మొలవడానికి చోటు లేదు.
చేపని చెయ్యొచ్చేమో, మన రేవు కదా.
వద్దు, వాడు నవ్వుతాడు.
అరగదీస్తే రేకు పలచబడుతుంది.
ఎస్తేరు శుక్రవారం వస్తానంది.
బల్ల మీద పలక బోర్లించి ఉంది,
దాని పక్కన
చెవులు నిక్కబొడుచుకుని
గుర్రం.