తొడిమ తీసిన మాటలు

ధర్మాబాద్ మిర్చి గోదాంల
పొద్దుగాల ఏడింటికి మొదటి తుమ్ము నాదే.
కాంటా పక్కన స్టూలు, చేతిల చీటీల కట్ట.
బస్తా బస్తాకు నంబరు, బరువు, రైతు పేరు.
చీటీ వెనక ఖాళీ.
అది నాది.

అక్కడ రాసుకుంట రోజుకు పది మాటలు,
సేటు చూస్తే లెక్కలనుకునేటట్టు సన్నగ.
గార్యులస్. టాసిటర్న్. ఆబ్‌స్టినేట్.
పరీక్షకు డెబ్బై దినాలు, మాటలు ఏడు వందలు.
లెక్క సరిపోయింది,
మతి సరిపోవాలె.

ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ,
లారీవాళ్లతోని హిందీ,
అంగట్ల మూడూ కలిపి ఒకటే ముద్ద.
ఈ నాలుగోది మాత్రం కొత్త చెప్పు.
ఎవరో ఒకరు తొడుక్కొని నడిస్తేగాని మెత్తబడదు.

అందుకే మనుషులకు తొడిగిన.
గార్యులస్ సాయవ్వ,
ఆమె పక్కన పెడితే రేడియో గూడ సిగ్గుపడ్తది.
టాసిటర్న్ హమాలీ ఈరబా,
మూడేండ్లల్ల నాతోని అన్నయి రెండే మాటలు:
జరుగు. అయిపాయె.
ఆబ్‌స్టినేట్‌కు మనిషి దొరకలే,
గోదాం తలుపుకిచ్చిన.

ఒకనాడు సాయవ్వ చీటీ తిప్పి చూసింది.
"ఏం రాస్తున్నవ్ శేవంతా,
మా కూలి కోస్తున్నవా?"

చదివి వినిపించక తప్పలే.
నలభై మంది ఆడోళ్లు తొడిమలు తుంచుకుంట విన్నరు.
తెల్లారి నుంచి, నేను కూసోకముందే,
"ఇయ్యాల్టి మాటేంది?"
మాటలకు గూడ తొడిమలు తీసిన్రు,
ముందట ఇంత, వెనక ఇంత గిల్లి పడేసి
నడిమిది నోట్లె ఏసుకున్నరు.

పార్సిమోనియస్ అంటే పిసినారి అని చెప్పిన.
పగటికల్ల అది పార్సుమోని,
పొద్దుగూకేసరికి పార్సుమోని సేటు.
సేటు విన్నడు. ఏదో బిరుదనుకొని మీసం దువ్విండు.
పాడ్వా పండుగకు మనిషికి పావుకిలో శక్కర
ఎక్కువ పంచిండు.
అర్థం తప్పిపోయింది, పేరు మిగిలింది.

నాందేడ్ల కంప్యూటర్ ముంగట కూసున్న.
ముప్పై మూడో ప్రశ్న అదే మాట,
కింద నాలుగు జవాబులు,
నాలుగింటి నడుమ సేటు మీసం.
నవ్వాపుకోను మూతికి చెయ్యి అడ్డం పెట్టిన,
చెయ్యి కంటికి తాకింది.
మూడుసార్లు సబ్బు పెట్టి కడిగిన చెయ్యే.
మిరపకాయ సబ్బు మాట వినదు.

నీళ్లు. ఒక్క కంటికే.
సార్ దగ్గరికొచ్చి, "రడూ నకో" అన్నడు, పాపం.
ఏడుస్తలేనని చెప్దామనుకున్న.
ఏ భాషల చెప్పాల్నో తోచేలోపల
గడియారం నాలుగు నిమిషాలు మింగింది.

గోదాంల ఈ కత చెప్తే
సాయవ్వ బస్తా మీద పడి నవ్వింది.
ఈరబా గూడ పండ్లు కనిపిచ్చిండు.
గంగుబాయి నవ్వలే.
ఆమె కండ్లు ఎప్పుడూ ఎర్రగనే ఉంటయి,
మేం చూసుడు మానేసినం.

"ఏడుపు లేకుండ వచ్చే నీళ్లకు
వాళ్ల తాన మాట ఉన్నదా బిడ్డా?"

ఏడు వందలు తిరగేసిన.
లాక్రిమోస్ దొరికింది, కని దాంట్ల దుఃఖం ఉన్నది.
"దుఃఖం ఒద్దు. ఉత్త నీళ్లు.
ఇరవై ఏండ్ల సంది
కాంటా మొదలైతే మొదలై
దీపం పెట్టేయాళ్లకు ఆగేటియి."

లేదన్న.

"మరి మన తాన?"

తెలుగుల ఎతికిన. మరాఠీల ఎతికిన.
మా ముద్దల గూడ చెయ్యిపెట్టి కలిపి చూసిన.
గంగుబాయి ఎదురుచూడలే,
కాయ ఇటు, తొడిమ అటు ఏసుకుంట
తన పని తాను చేసుకుంటున్నది.

ఆమె బస్తా కాంటాకెక్కిచ్చిన్రు.
చీటీ ముందట రాసిన: నలభై రెండు కిలోలు.
వెనక్కు తిప్పి
పెన్ను పట్టుకొని
కొంచెంసేపట్లనే కూసున్న.